పాత క్యాసెట్టు గేముల పాటలతో రాక్ ఆల్బమ్: గోదావరి జిల్లాల బ్యాండ్లకు సమగ్ర మార్గదర్శి

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు కాలేజీ బ్యాండ్ల కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, చిన్నప్పటి టీవీ గేముల మ్యూజిక్‌ని రాక్‌లో వాయించి ఆల్బమ్ చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లకు వాయించడం బాగానే వచ్చు. వాళ్లు వినిపించే డెమోల్లో మాత్రం ఒకటే జబ్బు. వెనకాల డిస్టార్షన్ కార్డులు దంచేస్తారు, ముందు ఒక గిటారు ట్యూను వాయిస్తుంది, అంతే. అసలు పాటలో ఉన్నదాంట్లో సగం అక్కడే పోతుంది.

ఇద్దరు గిటారిస్టులు, ఒక బాసిస్టు, ఒక డ్రమ్మర్ ఉన్న బ్యాండుకి సరిపోయేలా ఇది రాశాను. కీబోర్డు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

1. ముందు జాబితా

పది పాటలు చాలు. మొత్తం 35, 40 నిమిషాలకు మించితే వినేవాడు ఉండడు. ఒక్కొక్కరూ విడిగా తమ జాబితా రాసి, తర్వాత అందరూ కూర్చుని కలపండి. ప్రతి పాటకీ ఈ పరీక్ష పెట్టండి:

- గేమ్ పేరు చెప్పకుండా కూనిరాగం తీస్తే, అదే కాలంలో పెరిగినవాళ్లు గుర్తుపడుతున్నారా?
- బాస్ ఒక్కటే విన్నా అది ఏ పాటో తెలుస్తోందా? తెలిస్తే ఆ పాట రాక్‌కి బాగా లొంగుతుంది.
- లూప్ నిడివి ఎంత? 20 సెకన్ల లోపైతే అది ఒంటరిగా నిలబడదు. మెడ్లీలో, అంటే చిన్న పాటలు కొన్ని వరసగా కలిపి వాయించే ట్రాక్‌లో వేసుకోండి.

అన్నీ పరుగెత్తే పాటలే పెట్టుకోవడం మామూలుగా జరిగే తప్పు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌నే చూడండి. కోజి కొండో నేల మీది స్టేజీకి ఒక హుషారు పాట ఇచ్చి, నీళ్ల కింది స్టేజీకి మూడేసి మాత్రల వాల్ట్జ్ పెట్టాడు. మీ జాబితాలోనూ అలాంటివి రెండు ఉండాలి. డ్రమ్మర్‌కి కాస్త ఊపిరి ఆడుతుంది, వినేవాడికీ ఆడుతుంది.

2. హక్కుల సంగతి గిటారు పట్టకముందే

"మేమే వాయించాం కాబట్టి మాదే" అనేది సగమే నిజం. రికార్డింగు మీదే, ట్యూను మాత్రం మీది కాదు. గేమ్ సంగీతం హక్కులు ఎక్కువగా కంపెనీ చేతిలో ఉంటాయి, కొన్నిసార్లు సంగీతకారుడి దగ్గరే ఉంటాయి. ఎవరి దగ్గర ఉన్నాయో పాటపాటకీ విడిగా చూసుకోవాలి.

మన కాపీరైట్ చట్టం 1957లో 31సి అనే సెక్షన్ ఉంది. 2012 సవరణతో వచ్చింది. కవర్ వెర్షన్లకు చట్టబద్ధమైన లైసెన్సు దారి అదే. కాకపోతే షరతులు చూడండి:

- మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక 5 ఏళ్లు గడవాలి.
- ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి.
- ఒక్కో పాటకి, ఒక్కో క్యాలెండర్ సంవత్సరానికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి.
- కవర్ మీద అది కవర్ వెర్షన్ అని రాయాలి.
- సాంకేతికంగా అవసరమైనవి తప్ప పాటలో కొత్త మార్పులు చేయకూడదు.

చివరి షరతు దగ్గరే చిక్కు. రాక్‌లోకి తిప్పడం సాంకేతిక అవసరం కాదని అవతలివాళ్లు అంటే మీ దగ్గర జవాబు ఉండదు. 50,000 కాపీల లెక్క కూడా చిన్న బ్యాండు భరించేది కాదు. అందుకని నేరుగా హక్కుదారుకి రాసి అనుమతి అడగడం, లేదా పాటల్ని స్ట్రీమింగ్ యాప్‌లకు చేరుస్తూ కవర్ పాటల లైసెన్సు కూడా తెచ్చిపెట్టే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లడం మేలు. ఆ లైసెన్సు ఏ దేశాలకు, డౌన్‌లోడ్‌కా స్ట్రీమింగ్‌కా, ఏది వర్తిస్తుందో చదివాకే డబ్బు కట్టండి. జవాబు రాని పాటలు ప్రాక్టీసు వరకే.

అనుమతి కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మన క్యాసెట్టు గేముల్లో హక్కుల గడువు తీరిపోయిన పాత బాణీలు కొన్ని ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి:

- టెట్రిస్: 1989లో గేమ్‌బాయ్‌లో మోగిన ప్రసిద్ధమైన ట్యూను "కొరొబెయినికి" అనే రష్యన్ జానపదం. 19వ శతాబ్దపుది.
- అంటార్కిటిక్ అడ్వెంచర్: పెంగ్విన్ మంచు మీద పరుగెత్తే గేమ్. అందులో వినిపించేది ఎమిల్ వాల్డ్‌టాయ్‌ఫెల్ 1882లో కట్టిన "స్కేటర్స్ వాల్ట్జ్".
- బైనరీ ల్యాండ్: రెండు పెంగ్విన్లు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా కదిలే గేమ్. పాట ఎరిక్ సాటీ అనే పాతకాలపు స్వరకర్తది.

ఒక్క జాగ్రత్త. గేమ్‌లో ఉన్న అమరికను దించొద్దు. అసలు స్కోరు ముందు పెట్టుకుని మీ అమరిక మీరే చేసుకోండి. ట్యూను పాతదే అయినా గేమ్ పేరు ట్రేడ్‌మార్కు కావచ్చు కాబట్టి ఆల్బమ్ పేరులో, అట్ట మీద గేమ్ పేర్లు, బొమ్మలు వాడకండి. గేమ్‌లోని అసలు శబ్దాలు, నాణెం మోతతో సహా, కోసి అతికించకండి.

3. పాటను గొంతులుగా విడదీయండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

నింటెండో కంపెనీ టీవీ గేమ్ పెట్టె ఎన్ఈఎస్, దాన్ని చూసి చేసిన మన ఊరి నకలు పెట్టెలు, అన్నిట్లోనూ సౌండ్ పద్ధతి ఒకటే. ఐదు చానళ్లు: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్ (ఈ మూడూ స్వరం పలికే తరంగాల పేర్లు), డ్రమ్స్ లాంటి చప్పుళ్లకు ఒక నాయిస్, చిన్న శాంపిల్ ముక్కలకు, అంటే ముందే రికార్డు చేసిన శబ్దాలకు, ఇంకొకటి. ఈ ఐదోదాన్ని అన్ని గేములూ వాడలేదు. అంటే సంగీతకారుడికి స్వరం పలికే గొంతులు మూడే. కార్డు నిండుగా మోగించే వెసులుబాటు లేదు కాబట్టి మూడు గీతలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేలా రాశారు. మీ కార్డు స్ట్రమ్మింగు ఆ గీతల మధ్య ఖాళీని నింపేస్తుంది. ఆ ఖాళీ పోతే పాట పోయినట్టే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సూపర్ మారియో నేల పాట మొదటి స్వరాలు ఇ, ఇ, ఇ, సి, ఇ, జి, ఆ తర్వాత కింది జి. సి ని షడ్జమం అనుకుంటే గ గ గ స గ ప, మంద్ర ప. ఇది చూసి గిటారిస్టు నేరుగా సి మేజర్ కొడతాడు. అసలు పాటలో ఆ మొదటి "గ" కింద రెండో పల్స్ ఎఫ్ షార్ప్ పలుకుతుంది, అంటే ప్రతిమధ్యమం. బాస్‌లో డి, అంటే రిషభం. సి మేజర్‌లో ఎఫ్ షార్ప్ లేనే లేదు. ఆ తలుపు తెరిచినట్టుండే మెరుపంతా ఆ ఒక్క స్వరంలోనే ఉంది. సి మేజర్ కొట్టారో, పెళ్లి ఊరేగింపు బ్యాండులా వినపడుతుంది.

విడదీసే వరుస:

1. గేమ్ ఆడుతున్న వీడియోలోంచి స్వరాలు దించొద్దు. పాత్ర ఎగిరినప్పుడు, నాణెం తీసుకున్నప్పుడు ఆ శబ్దం ఒక సంగీత చానల్‌ని లాక్కుంటుంది, ఆ క్షణం స్వరం మాయమవుతుంది. శుభ్రమైన సౌండ్‌ట్రాక్ వినండి.
2. గేమ్ సంగీతపు ఫైళ్లు ప్లే చేసే సాఫ్ట్‌వేర్లలో ఒక్కో చానల్‌ని ఆపి వినవచ్చు. ముందు ట్రయాంగిల్ ఒక్కటే వినండి. తర్వాత రెండో పల్స్. మొదటి పల్స్ ట్యూను ఎలాగూ తెలిసిందే, దాన్ని చివరికి పెట్టుకోండి.
3. స్వరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో ఒక్కో గొంతుకీ ఒక్కో వరుస రాయండి. స్టాఫ్ నొటేషన్ రాకపోతే సరిగమల్లో రాసుకోండి, కాకపోతే స్వరం ఎంతసేపు నిలుస్తుందో తప్పక గుర్తు పెట్టండి.
4. రెండో పల్స్ కొత్త స్వరాలు పలుకుతోందా, లేక మొదటి పల్స్‌నే కాస్త ఆలస్యంగా, మెల్లగా తిరిగి పలుకుతోందా చూడండి. చాలా గేముల్లో ఎకో కోసం ఈ కిటుకు వాడారు. అది ఎకో అయితే డిలే పెడల్ ఆ పని చేసేస్తుంది, రెండో గిటారిస్టు చేతులు ఖాళీ అవుతాయి.

ఇప్పుడు పంపకం. మొదటి పల్స్ మొదటి గిటారుకి, రెండోది రెండో గిటారుకి, ట్రయాంగిల్ బాస్‌కి, నాయిస్ డ్రమ్స్‌కి. ట్రయాంగిల్ అప్పుడప్పుడూ గబుక్కున కిందికి జారి టామ్‌లా మోగుతుంది. అలాంటి చోట్ల ఆ దెబ్బ డ్రమ్మర్‌కి ఇచ్చి బాస్‌ని ఆపండి.

టోన్ కూడా గేమ్ పెట్టెలోని సౌండ్ చిప్‌ని బట్టే ఎంచుకోండి. పల్స్ తరంగం 50 శాతం వెడల్పులో ఉంటే బేసి హార్మోనిక్స్ మాత్రమే ఉంటాయి, బోలుగా, క్లారినెట్ ఛాయలో వినిపిస్తుంది. దానికి నెక్ పికప్, టోన్ నాబ్ కొంచెం తగ్గించి. 12.5 శాతమైతే సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. దానికి బ్రిడ్జి పికప్. ట్రయాంగిల్ చానల్‌కి వాల్యూమ్ కంట్రోలే లేదు, మోగితే ఒకే స్థాయిలో మోగుతుంది. అందుకే బాసిస్టు ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో కొట్టాలి. చెయ్యి కుదరకపోతే కంప్రెసర్ పెట్టండి.

గెయిన్ మీరు మామూలుగా పెట్టేదాంట్లో సగం చాలు. రెండు గిటార్లూ పూర్తి డిస్టార్షన్‌లో వేర్వేరు స్వరాలు పలికితే అది బురద.

4. వేగం: 50 లెక్కా, 60 లెక్కా?

ఈ సంగతి తెలియక బ్యాండులో గొడవలైపోతాయి. ఒకడు "అసలు పాట ఇంత స్పీడు కాదురా" అంటాడు, ఇంకొకడు "ఇదే అసలు" అంటాడు. ఇద్దరి మాటా నిజమే.

ఈ గేముల్లో పాట వేగం టీవీ తెర లెక్క మీద నడుస్తుంది. జపాన్, అమెరికా పెట్టెలు తెరని సెకనుకి సుమారు 60 సార్లు గీస్తాయి. మన దేశంలో వాడిన పాల్ (PAL) పద్ధతి టీవీల లెక్క 50. 60 కోసం రాసిన పాట 50 మీద నడిస్తే ఆరో వంతు వేగం తగ్గుతుంది. మీరు చిన్నప్పుడు విన్నది ఆ నెమ్మది పాటే కావచ్చు. శ్రుతి కూడా పెట్టెని బట్టి కాస్త మారేది.

క్లిక్ ట్రాక్, అంటే తాళం టిక్కుల కోసం లెక్క ఇది. తెర ఒకసారి గీస్తే ఒక ఫ్రేము. పావు దెబ్బకి, అంటే ఒక దెబ్బలో నాలుగో వంతుకి, ఎన్ని ఫ్రేములో దాన్ని బట్టి నిమిషానికి దెబ్బలు:

- 5 ఫ్రేములు: 60 లెక్కన 180, 50 లెక్కన 150
- 6 ఫ్రేములు: 150, 125
- 7 ఫ్రేములు: 128.6, 107.1
- 8 ఫ్రేములు: 112.5, 93.75

చెవితో "సుమారు 130" అని పెట్టుకుంటే అసలు పాటతో పోల్చి చూసుకునేటప్పుడు నాలుగు బార్లకే జారిపోతారు. ముందు ఫ్రేముల లెక్క పట్టుకోండి. నా మాట అడిగితే, పరుగు పాటలు 60 లెక్కలో, వాల్ట్జ్‌లు 50 లెక్కలో బాగుంటాయి. ఏదైనా సరే, ఆల్బమ్ మొదలుకాకముందే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి.

5. నిమిషం లూప్‌ని మూడు నిమిషాల పాట చేయడం

గేమ్ పాటకి ముగింపు ఉండదు, తిరుగుతూనే ఉంటుంది. అలాగే నాలుగుసార్లు తిప్పి ఫేడ్ చేస్తే అది ఆల్బమ్ ట్రాక్ కాదు.

పనికొచ్చే నడక ఒకటి: మొదటి తిప్పు ఉన్నది ఉన్నట్టు. రెండో తిప్పులో గిటార్లు గొంతులు మార్చుకోవాలి. మూడోదానికి ముందు ఎనిమిది బార్లు బాస్, డ్రమ్స్ మాత్రమే. మూడో తిప్పులో డ్రమ్స్ సగం నడకకి దిగాలి. చివరి తిప్పు మళ్లీ అసలు వేగంలో, ఇక్కడ మాత్రమే పవర్ కార్డులు. ముగింపు మీరే రాయండి, రెండు బార్లు చాలు.

సోలో తప్పనిసరి కాదు. పెట్టాలనుకుంటే 16 బార్లకు మించొద్దు.

6. గది, కరెంటు, కాలం

రాజమండ్రి, కాకినాడల్లో స్టూడియో గంటల లెక్కన తీసుకుంటే డ్రమ్స్ వరకు తీసుకోండి. మిగతావి మేడమీద గదిలో చేసుకోవచ్చు.

శ్లాబు గదిలో చప్పట్లు కొట్టండి. "టర్ర్" మని తిరిగి వస్తే గోడలు కప్పాలి. కోడిగుడ్ల అట్టలు అతికించడం దండగ, అవి పెద్దగా ఏమీ ఆపవు. కోనసీమలో కొబ్బరిపీచు పరుపులకి కొదవ లేదు. రెండు మూడు తెచ్చి, గోడకి జానెడు ఎడంగా నిలబెట్టండి. ఆ ఎడం వల్ల కింది స్థాయి శబ్దం ఇంకాస్త తగ్గుతుంది. ముందు మూలలు, తర్వాత యాంప్ వెనక.

కరెంటు విషయంలో:

- చవక ఇన్వర్టర్ల నుంచి వచ్చే స్క్వేర్ వేవ్ గిటారులో "జుయ్" మంటుంది. రికార్డింగు వేళ ఇన్వర్టర్ మీద నడపొద్దు. తప్పదంటే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ వాడండి.
- హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. తగ్గితే దొంగ దొరికినట్టే, టేకులు బ్యాటరీ మీద తీయండి.
- హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టొద్దు. ప్రాణాల మీదికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి.
- సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్ లేకుండా ట్యూబ్ యాంప్ వేయకండి.

మన గాలిలో చెమ్మ ఎక్కువ, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు కూడా. తీగలు వారం తిరక్కుండానే మసకబారతాయి. రికార్డింగుకి ముందు రోజు కొత్త తీగలు వేసి బాగా సాగదీయండి. ప్రతి టేకు తర్వాత పొడిగుడ్డతో తుడవండి. మైకుల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

ఇక బయటి చప్పుడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై మైకులు, సంక్రాంతికి బరుల మోత, చవితి పందిళ్లు, తొలకరికి కప్పలు, రాత్రిళ్లు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు. మైకు పెట్టాల్సినవి డ్రమ్స్, యాంప్ మాత్రమే. అవి ఎప్పుడు తీయాలో పంచాంగం చూసి మరీ పెట్టుకోండి. గిటారు, బాస్ నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే వాటిని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలోకి వెళ్తే పక్కింట్లో డీజే మోగినా పర్వాలేదు. ఫ్యాను ఆపాలి కాబట్టి ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మైకు పనికి వద్దు. డ్రమ్మర్ సొమ్మసిల్లుతాడు.

7. రికార్డింగ్ వరుస

24 బిట్, 48 కిలోహెర్ట్జ్. శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. ఎర్ర లైటు వెలిగితే ఆ టేకు పోయినట్టే.

1. క్లిక్‌తో పాటు మూడు గొంతుల గైడ్ ట్రాక్ వేయండి. మ్యూజ్‌స్కోర్ నుంచి మిడి (శబ్దం కాకుండా స్వరాల వివరాలు ఉండే ఫైలు) తీసుకుంటే చాలు.
2. డ్రమ్స్. నాయిస్ చానల్ ఉన్నంత పొదుపుగా. డబుల్ బాస్ పెడల్ చివరి తిప్పు వరకు ముట్టుకోవద్దు. కిట్ దొరక్కపోతే మన ఆర్కెస్ట్రాల్లో వాడే ప్యాడ్స్‌తో మిడి తీసి తర్వాత శబ్దాలు మార్చుకోవచ్చు.
3. బాస్. డ్రమ్స్ పక్కన ఇదొక్కటే విన్నా పాట తెలియాలి.
4. రెండో గిటారు. మొదటిదాని కంటే ముందు ఇదే. మొదటిది ముందు తీస్తే రెండోవాడు దాన్నే అనుసరిస్తూ తన గీత మర్చిపోతాడు.
5. మొదటి గిటారు.
6. చివరి తిప్పుకి పవర్ కార్డులు.

ట్యూన్లు ఎక్కువగా 12వ ఫ్రెట్ పైన పడతాయి. ఖాళీ తీగ శ్రుతిలో ఉన్నా పైన అపశ్రుతి రావచ్చు, కాబట్టి 12వ ఫ్రెట్ దగ్గర కూడా ట్యూనర్‌తో చూసుకోండి. తేడా ఉంటే ఇంటొనేషన్ సరిచేయించాకే మొదలుపెట్టాలి. ట్యూను మరీ పైకి పోతే ఒక స్థాయి కిందికి దించండి, కానీ రెండు గిటార్లనీ కలిపే దించాలి.

చిప్ స్వరం ఎంత టక్కున మొదలవుతుందో అంత టక్కున ఆగుతుంది. గిటారు అలా ఆగదు. స్వరం ముగియాల్సిన చోట చెయ్యి వేసి ఆపడం ప్రాక్టీసు చేయండి. చాలా టేకులు పాడయ్యేది తప్పు స్వరంతో కాదు, ఈ తోకలతోనే.

8. మిక్సింగ్

మొదటి గిటారు ఎడమకి, రెండోది కుడికి, బాస్ మధ్యలో. మొదట రెండు గిటార్లనీ సమాన స్థాయిలో పెట్టి వినండి, ట్యూను మునిగితేనే మొదటిదాన్ని కొంచెం పెంచండి. గిటార్లలో 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తే బాస్ తేరుకుంటుంది.

రివర్బ్ ఎక్కువ వేస్తే గీతలు కలిసిపోతాయి. డ్రమ్స్‌కి కొంచెం, మిగతావాటికి చిటికెడు.

మాస్టర్ (చివరి ఫైలు) మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర, ట్రూ పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఉంటే సరిపోతుంది. ఫోను స్పీకరులో వినండి, ఆటోలో వినండి. ఆటోలో బాస్ గీత వినపడకపోతే మిక్స్ మళ్లీ తెరవాలి.

9. విడుదల

డిస్ట్రిబ్యూటర్‌కి పంపే ముందు చూసుకోవలసినవి:

- ప్రతి పాటకీ స్వరకర్త గడిలో అసలు సంగీతకారుడి పేరు. ఆర్టిస్టు గడిలో మాత్రమే మీ బ్యాండు పేరు.
- "కవర్" అని టిక్ పెట్టారా? సొంత పాటగా పంపితే ఆల్బమ్ మొత్తం తీసేసే ప్రమాదం ఉంది.
- అనుమతి మెయిళ్లు, లైసెన్సు కాగితాలు ఒకే ఫోల్డర్లో పాటల వారీగా.
- అట్ట మీద మీ సొంత బొమ్మ.
- విడుదల తేదీకి కనీసం మూడు నాలుగు వారాల ముందు అప్‌లోడ్.

యూట్యూబ్‌లో క్లెయిమ్ వస్తే కంగారుపడొద్దు. అది హక్కులున్న గేమ్ పాట అయితే, చాలాసార్లు వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు వాళ్లకి పోతుంది. మీ లైసెన్సు వీడియోకి కూడా వర్తించకపోతే వాదించకండి. వాల్డ్‌టాయ్‌ఫెల్, సాటీ, కొరొబెయినికి మీద క్లెయిమ్ వస్తే సంగతి వేరు. ఇంకెవరో చేసిన రికార్డింగుతో మీది పొరపాటున కలిసి ఉంటుంది. గడువు తీరిన రచన, సొంత అమరిక, సొంత రికార్డింగు అని మూడు ముక్కల్లో రాసి అభ్యంతరం పెట్టండి. మీ స్కోరు ఫైలు, రికార్డింగ్ సెషన్ ఫైలు చెరపకుండా దగ్గర ఉంచుకోండి. అడిగితే చూపించాల్సింది అవే.